తిప్పుకునే చోటు లేని దారి

తంతి గుమాస్తా పెన్సిలు మధ్యలో ఆగిపోయింది.

పక్క బల్ల దగ్గర చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, బోర్డు మీద ప్లగ్గులు ఒక రంధ్రంలోంచి తీసి ఇంకో రంధ్రంలో పెడుతూ కూర్చుని ఉందామె. టెలిఫోను ఎక్స్చేంజీలో చేరి అప్పటికి నాలుగేళ్ళు. ఆ గదిలో చప్పుళ్ళన్నీ ఆమెకు కొట్టిన పిండే. తంతి యంత్రం టకటకలాడుతుంటే గుమాస్తా పెన్సిలు దాని వెంట పరుగెత్తాలి. యంత్రం మోగుతూనే ఉంది, పెన్సిలు ఆగిందంటే ఆ వార్త ఈ గదిలోని మనిషికే అన్నమాట.

"చదవండి బాబాయ్," అంది తల తిప్పకుండా.

"అమ్మా, కాసేపాగి..."

"మీకెవరూ యుద్ధంలో లేరు. ఉన్నది మా ఆయనే. చదవండి."

గుమాస్తా కాగితం పైకెత్తి చదివాడు. "తీవ్రంగా గాయపడ్డారు. ఎడమకాలు మోకాలి కిందకు తీసేశారు. ప్రాణానికి భయం లేదు."

ఆమెకు చివరి ముక్క ఒక్కటే వినబడింది. ప్రాణానికి భయం లేదు. 'ఎడమ' అన్న మాట ముందుముందు ఎంత పేచీ పెట్టబోతోందో ఆ క్షణాన ఎవరికి తెలుసు? బోర్డు మీద దీపం వెలిగింది. ప్లగ్గు పెట్టి, "నంబరు చెప్పండి," అంది. గొంతు వణకలేదు. 

ఇంటికెళ్ళి అత్తగారికి చెప్పింది. పెద్దావిడ విని, "రెండు కాళ్ళున్నప్పుడే చెప్పులు ఒక చోట విప్పేవాడు కాదు. ఇకమీదట ఒక్కదాన్నే వెతుక్కుంటాం, అంతేగా," అని వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. ఆ కుళాయి అరగంట సేపు అలా పారుతూనే ఉంది. నీళ్ళ చప్పుడు దేన్ని కప్పుతోందో కోడలికి తెలుసు. వెళ్ళి పక్కన నిలబడింది. ఇద్దరూ కలిసి ఏడ్చి, కుళాయి కట్టేసి, గిన్నెలు కడిగారు.

అయిదు నెలలకు ఆయన కర్రకాలితో తిరిగొచ్చాడు. సైన్యంలో ఆయన లారీ డ్రైవరు. కొండల మీది శిబిరాలకు సరుకు ఎక్కించడం, గాయపడ్డవాళ్ళను కిందికి దించడం ఆయన పని. కాలు ఎలా పోయిందని ఎవరడిగినా, "జారిపోయిందండీ, పట్టుకునేలోపే," అని నవ్వి ఊరుకునేవాడు. అసలు సంగతి ఆయన నోట ఎప్పుడూ రాలేదు. ఎవరో సిపాయి రాసిన ఉత్తరంలో తెలిసింది. లారీలో పద్నాలుగు మంది గాయపడ్డవాళ్ళు. కొండ అంచున సన్నటి దారి. ముందు దారి గుండు పడి తెగిపోయింది. ఆ దెబ్బకే ఇనుపముక్క వచ్చి ఈయన ఎడమకాల్లో దిగింది. అదే కాలితో క్లచ్చు తొక్కుతూ, అయిదు కిలోమీటర్లు లారీని వెనక్కి నడుపుకొచ్చాడట. 'మాలో పదమూడు మందిమి బతికాం. నేను అందులో ఒకణ్ణి,' అని ఉంది ఆ ఉత్తరంలో. ఆమె దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, ఏమీ ఎరగనట్టే ఆయనకు టీ ఇచ్చింది.

ఊరు ఆయనకు 'మిలట్రీ' అని పేరు పెట్టి, కుర్చీ చూపించడం మొదలుపెట్టింది. సినిమా హాల్లో టిక్కెట్లు చింపే కుర్చీ, కలప డిపోలో కాపలా కుర్చీ. "కూర్చుని చేసే పనే కదా," అని ఓదార్పుగా చెప్పేవాళ్ళు. ఆయన అన్నింటికీ తల అడ్డంగా ఊపాడు. ఓ రోజు పొద్దున ఆసుపత్రి వెనక షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయి ఉన్న అంబులెన్సు వ్యాను చూసొచ్చాడు. డ్రైవరు దొరక్క రెండేళ్ళుగా అది అలాగే పడి ఉంది.

"ఏమోయ్, నాకు పని దొరికింది," అన్నాడు గుమ్మంలోంచే.

"అది మూడు పెడళ్ళ బండిరా! నీకున్నది ఒక్క కాలు," అంది అత్తగారు.

"ఒక్క పెడలే అమ్మా ఎక్కువ, ఎడమకాలి క్లచ్చు. మిగతా రెండూ కుడికాలివే."

ఆమె తమ్ముడికి లేతు షెడ్డు ఉంది. ఇనుముతో ఏది చెప్పినా చేసేవాడు, చేసినదానికి పది రెట్లు గొప్పలు చెప్పేవాడు. బావాబావమరుదులిద్దరూ ఆ వ్యాను కింద దూరి మూడు వారాలు బయటికి రాలేదు. మోటారుసైకిలు క్లచ్చు పిడి తెచ్చి గేరు రాడ్డుకు బిగించారు. కింద క్లచ్చు పెడలుకు పొడవాటి మీట పెట్టి, రెండింటికీ తీగ కలిపారు. పిడి నొక్కితే క్లచ్చు పడాలి, అదే చేత్తో గేరు మారాలి. మొదటిసారి తీగ తెగి తమ్ముడి ముక్కు మీద తగిలింది. రెండోసారి మీట వంగింది.

"బావా, సైన్యంలో నీకు ఓపిక నేర్పారు గానీ, నాకెవరూ నేర్పలేదు," అన్నాడు తమ్ముడు ముక్కు రాసుకుంటూ.

"నీ ముక్కుతో నేర్చుకో," అన్నాడు ఆయన.

అయిదోసారికి బండి కదిలింది. షెడ్డు చుట్టూ మూడు చుట్లు తిరిగి, దిగి, ఎర్రగా కందిన అరచెయ్యి ఆమెకు చూపించాడు. యుద్ధం నుంచి వచ్చాక ఆయన ముఖంలో అంత వెలుగు చూడటం ఆమెకు అదే మొదలు.

ఇక మిగిలింది లైసెన్సు. అక్కడే 'ఎడమ' అన్న మాట అడ్డం పడింది.

లైసెన్సుల అధికారి భారీ మనిషి. కుర్చీలోంచి లేవడమంటే ఆయనకు ఓ రోజు పని. కర్రకాలి వైపు చూసి, "రూల్సు ఒప్పుకోవమ్మా. ఎడమకాలు లేకపోతే క్లచ్చెలా తొక్కుతాడు? డ్రైవరుకు రెండు కాళ్ళుండాలి," అన్నాడు ఆమెతో, ఆమె భర్త అక్కడ లేనట్టుగా.

"ఏ పేజీలో ఉందండీ?" అందామె.

"ఏంటి?"

"రెండు కాళ్ళుండాలని. పేజీ చెబితే మేమూ చదువుకుంటాం."

అధికారి పుస్తకం తిరగేశాడు. ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి. వాహనాన్ని పూర్తిగా అదుపులో ఉంచుకోగలగాలని ఉంది తప్ప కాళ్ళ సంఖ్య ఎక్కడా లేదు. "పైవాళ్ళను అడగాలి. ఉత్తరం రాస్తాను. మూడు నెలలు పడుతుంది," అని పుస్తకం మూసేశాడు.

మర్నాడు పదకొండింటికి అధికారి బల్ల మీద ఫోను మోగింది.

"ట్రంక్ కాల్ సార్. మీ పై ఆఫీసు. మాట్లాడండి."

"నేను బుక్ చెయ్యలేదే!"

"మీ తరఫున నేను చేశాను సార్. మూడు నిమిషాలే ఉంది, త్వరగా అడగండి."

ఆ మాటలు ఆమె వినలేదంటే అబద్ధమవుతుంది. అధికారి నీళ్ళు నమిలాడు, కాలు సంగతి చెప్పాడు, రూల్సు సంగతి చెప్పాడు. అవతలి గొంతు విసుక్కుంది. "నడపగలిగితే ఇవ్వు, లేకపోతే మానెయ్. దీనికి ఫోనెందుకయ్యా?"

పరీక్ష రోజున ఆమె పూట సెలవు పెట్టి, తమ్ముణ్ణి వెంటేసుకుని బజారు సందు మొగలో నిలబడింది. అధికారి కావాలనే ఆ సందు ఎంచుకున్నాడు. రెండు పక్కలా దుకాణాలు, బయటికి పొడుచుకొచ్చిన బల్లలు, ఎదురుగా సైకిలొస్తేనే తగువు పడే దారి. వ్యాను లోపలికి వెళ్ళింది. పక్క సీట్లో అధికారి భుజం మాత్రం కనిపించింది. మలుపు దాటాక ఏమీ కనిపించలేదు.

అయిదు నిమిషాలైంది. పది నిమిషాలైంది.

"అక్కా, అవతల కలపబండి దింపుతున్నారట. దారి మూసుకుపోయింది," అని తమ్ముడు కబురు మోసుకొచ్చాడు. "పొద్దున్నే చూసుకుని మరీ ఇక్కడికి తెచ్చాడక్కా ఆ మహానుభావుడు!"

 అంతలో సందులో చప్పుడు. మలుపులోంచి ముందుగా వ్యాను వెనకభాగం కనిపించింది. గిన్నెల దుకాణం బల్లకు బెత్తెడు ఎడంగా, బట్టల దుకాణం గొడుగు కింద నుంచి, గీత గీసినట్టు బండి వెనక్కి వస్తోంది. దుకాణాలవాళ్ళు సరుకు వదిలేసి బయటికొచ్చి చూస్తున్నారు. ఎవరో ఈల వేశారు. సందు మొగలోకి వచ్చి వ్యాను ఆగేసరికి చప్పట్లు మోగాయి.

అధికారి మెల్లగా దిగాడు. చెమటలు తుడుచుకున్నాడు. "ఎక్కడ నేర్చుకున్నావయ్యా ఇది?"

"అక్కడ తిప్పుకునే చోటుండేది కాదు సార్," అన్నాడాయన.

అధికారి వ్యాను బానెట్ మీదే కాగితం పెట్టి సంతకం చేశాడు. తమ్ముడు ఆ రోజు నుంచీ బావను తనే డ్రైవరును చేసినట్టు ఊరంతా చెప్పుకుని తిరిగాడు. సగం నిజమే కాబట్టి ఎవరూ కాదనలేదు.

అక్కడి నుంచి ఇరవై రెండేళ్ళు మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకే బండిని రెండు చోట్ల నుంచి నడిపారు. ఊళ్ళో ఎవరికి ఆపద వచ్చినా మొదట వినేది ఆమె. ఏడుస్తూ, అరుస్తూ, మాట పెగలక చేసే ఫోన్లు. ఆమె గొంతు మాత్రం చల్లటి నీళ్ళలా ఉండేది. "మీ వీధి చెప్పండి. మీ తలుపు రంగేంటి?" ఆ ఊళ్ళో ఇంటి నంబర్లకు వరసంటూ లేదు. అందుకని రంగు అడిగేది. ఆ వెంటనే షెడ్డుకు గంట కొట్టి, "పిండిమర వీధి, నీలం తలుపు, పెద్దాయన, గుండెనొప్పి," అనేది. "సరే" అనే మాట సగంలో ఉండగానే ఇంజను చప్పుడు వినిపించేది.

అన్నీ గెలవలేదు. ఒకసారి వంతెన దగ్గర గుర్రబ్బండి విరిగి దారి మూసుకుపోయింది. ఎనిమిదేళ్ళ పిల్ల ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చి ప్రాణం విడిచింది. ఆ రోజు ఆయన బండి దిగలేదు. ఆమె పని ముగించుకుని వెళ్ళి, పక్క సీట్లో కూర్చుంది. దీపాలు పెట్టే వేళకు, "పదండి, అత్తయ్య ఎదురుచూస్తుంటారు," అంది. ఆయన బండికి తాళం వేసి ఆమె భుజం పట్టుకుని ఇంటికి నడిచాడు. మర్నాడు ఏడింటికే షెడ్డులో ఉన్నాడు.

కొండ జారిన రోజు సంగతి మాత్రం ఆ ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. మూడు రోజులు ఎడతెరిపి లేని వాన. పట్టపగలు పన్నెండు గంటలకు కొండదారిలో నూలుమిల్లు కార్మికుల బస్సు మీద బండరాళ్ళు పడ్డాయి. కబురు మొదట ఆమెకే అందింది. దారి పొడుగునా మూడు ఫోన్లున్నాయి. ఊరి చివర గేటు, దాని పైన క్వారీ ఆఫీసు, అన్నిటికంటే ఎత్తులో అడవి చెక్‌పోస్టు. మూడింటి తీగలూ బోర్డు మీద కలిపి పెట్టుకుంది. వ్యాన్లో ఆయన, ఆసుపత్రి లేడీ డాక్టరు, ఆమె తమ్ముడు వెళ్ళారు.

వ్యాను గేటు దాటింది. క్వారీ దాటింది. చెక్‌పోస్టు దాటింది. తర్వాత ముప్పావుగంట చప్పుడు లేదు.

చెక్‌పోస్టు గార్డు గొంతు ఒక్కసారిగా మోగింది. "ఆపరేటరమ్మా, ఎనిమిది మందిని ఎక్కించారట. కానీ బండి తిరగడానికి లేదమ్మా! ఒక పక్క దారి అంచు కోసుకుపోయింది, ఇంకో పక్క రాళ్ళు. బండి ఎలా దిగుతుంది?"

తంతి గుమాస్తా బాబాయ్ లేచి వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు.

"మీకు అక్కడి నుంచి దారి కనిపిస్తోందా?" అందామె.

"కనిపిస్తోంది... ఆగండమ్మా. బండి వస్తోంది. అయ్యో, అది... అది వెనక్కి వస్తోందమ్మా! వెనక తలుపు తెరిచి మీ తమ్ముడు వేలాడుతూ అరుస్తున్నాడు."

"ఏమని?"

"బావా, కుడికి. బావా, ఇంకా కుడికి. బావా, చంపుతావా... అంటున్నాడమ్మా."

అంత భయంలోనూ ఆమెకు నవ్వొచ్చింది. క్వారీ గుమాస్తాను పిలిచి, లారీలన్నీ పక్కకు తీసేయించింది. గేటు దగ్గర బారులు తీరిన బళ్ళను పొలాల్లోకి దింపించింది. నాలుగు కిలోమీటర్లు. వానలో, బురదలో, అద్దంలోంచి చూస్తూ, ఒక చేత్తో పిడి నొక్కుతూ, ఇంకో చేత్తో స్టీరింగు తిప్పుతూ ఆయన వస్తుంటే, ఆమె ఒక్కో ఫోనులోంచి ఆ బండిని వింటూ వచ్చింది. క్వారీ ముందు వెడల్పు చోటులో బండి తిరిగి ముఖం ఊరివైపు పెట్టాక, క్వారీ గుమాస్తా ఫోను పక్కన పడేసి కేకలు పెట్టాడు. ఆ కేకలు తీగల్లోంచి గదంతా వినిపించాయి. బాబాయ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఎనిమిది మందీ బతికారు.

సాయంత్రం ఆయన నేరుగా ఎక్స్చేంజీకి వచ్చాడు. నిలువెల్లా బురద. "ఏమోయ్, టీ ఉందా?" అన్నాడు. ఆమె లేచి, అందరి ముందూ, పదిహేనేళ్ళ సంసారంలో ఎన్నడూ చెయ్యని పని చేసింది. ఆయన్ని గట్టిగా కావలించుకుంది. బురద కాస్తా ఆమెకు అంటింది. బాబాయ్ కిటికీ వైపు తిరిగి, వాన గురించి ఏదో అన్నాడు.

తర్వాత కాలం మారింది. ఎక్స్చేంజీలోకి యంత్రాలొచ్చి ప్లగ్గుల పని పోతే, ఆసుపత్రివాళ్ళు ఆమెను పిలిచి తమ ఫోను బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అత్తగారు పండుటాకులా రాలిపోయింది. కళ్ళు మసకబారి ఆయన స్టీరింగు వదిలేశాడు గానీ షెడ్డు వదల్లేదు. కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పేవాడు. ఆఖరి శిష్యురాలు ఓ బక్కపల్చని అమ్మాయి. ఆ ఆసుపత్రికి మొట్టమొదటి ఆడ డ్రైవరు. మొదటి రోజు ఆ అమ్మాయిని చూసి నలుగురు నవ్వితే, "నన్ను చూసి కూడా ఇలాగే నవ్వారమ్మాయ్. ముందు వెనక్కి నడపడం నేర్చుకో, ముందుకి ఎవరైనా నడుపుతారు," అన్నాడు.

డెబ్బై మూడో ఏట ఓ ఉదయం గుండె పట్టేసింది. ఆమె ఫోను తీసి, ఎప్పటి గొంతుతోనే, "రైలుగేటు వీధి, పచ్చ తలుపు, పెద్దాయన, గుండెనొప్పి," అంది. అవతల అమ్మాయి, "పిన్నీ! అది మీ ఇల్లే కదా!" అని అరిచి, ఆ ఊపులోనే బండి తీసింది. ఆయన బండిలో పడుకోనని పంతం పట్టాడు. వెనక సీటు వాలుగా సర్ది కూర్చోబెట్టక తప్పలేదు. దారంతా, "రెండో గేరు... ఆ, ఇప్పుడు వదులు," అంటూనే ఉన్నాడు.

"బాబాయ్, మీరు నోరు మూసుకుంటేనే నేను సరిగ్గా నడిపేది!" అంది అమ్మాయి.

"చూశావా," అన్నాడు భార్యతో, ఆయాసపడుతూనే. "తయారైంది."

పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. నర్సులు, ఆయాలు, పాత రోగులు మంచం చుట్టూ చేరి కబుర్లు చెప్పించుకున్నారు. పన్నెండో రోజు తెల్లారాక, కిటికీలోంచి ఎండ పడుతుండగా, ఆమె చెయ్యి పట్టుకుని, "బాగా నడిపాం కదోయ్," అన్నాడు.

"బాగా నడిపారు," అంది.

"నేనొక్కణ్ణేనా?"

"బాగా నడిపాం," అంది. ఆయన తృప్తిగా తల ఊపి, కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరవలేదు.

సైన్యం నుంచి ఓ అధికారి వచ్చి జెండా కప్పి, కాగితం చదివాడు. పద్నాలుగు మంది, అయిదు కిలోమీటర్లు, పదమూడు ప్రాణాలు. ఊళ్ళో చాలామంది ఆ సంగతి వినడం అదే మొదటిసారి. ఒక్కొక్కరే ఆమె దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ముఖాలు చాలావరకు ఆమె ఎరగదు. కానీ నోరు విప్పితే చాలు.

"అమ్మా, నేను..." అన్నాడో నెరిసిన జుట్టాయన.

"పిండిమర వీధి. నీలం తలుపు. మీ నాన్నగారికి గుండెనొప్పి," అందామె.

ఆయన రెండు చేతులూ జోడించాడు. తర్వాత వచ్చినావిడ గొంతు విని, "కవలలు కదూ? ఎలా ఉన్నారు?" అంది. ఆవిడ వెనక్కి తిరిగి, మీసాలొచ్చిన ఇద్దరు కొడుకులను ముందుకు లాగింది. బస్సులో ఉన్న మిల్లు కార్మికులు, వాళ్ళ పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరుగుతూనే ఉన్నాయి, తల మాత్రం అంతకంతకూ పైకి లేచింది.

ఆయన్ని భుజాల మీద ఎత్తుకుని బయల్దేరారు. ముసలి తమ్ముడు కర్ర ఊతంతో ముందు నడుస్తూ, "కుడికి బాబూ, కుడికి," అని దారి చెబుతున్నాడు. ఆమె వెనక్కి తిరిగి చూస్తే వీధి చివరిదాకా జనమే. ఆసుపత్రికి ఇప్పుడున్న మూడు అంబులెన్సులూ తళతళలాడుతూ, వరసగా చివర్లో మెల్లగా వస్తున్నాయి.

పెద్ద వీధి మధ్యకు చేరేసరికి మొదటి బండిలోంచి ఆ అమ్మాయి దిగి పరుగున వచ్చింది. చేతిలో ఫోను. "పిన్నీ, కాన్పు. తోలు గోదాముల వెనక వీధి. కానీ ఇప్పుడెలా..."

"తలుపు రంగు అడిగావా?"

"ఎర్రది."

"మరింకేం, వెళ్ళు!"

అమ్మాయి బండెక్కింది. ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. అంత జనమూ రెండుగా చీలి గోడలకు ఆనుకుని నిలబడ్డారు. మోసేవాళ్ళు కూడా పక్కకు జరిగి ఆగారు. బండి వాళ్ళ మధ్య నుంచి దూసుకుపోయి, రెండో గేరులో మలుపు తిరిగి కనుమరుగైంది.

"పదండి," అందామె. ఊరు మళ్ళీ కదిలింది.